కాంచన ఎత్తు బెల్లం

పొద్దున్నే గుడిలో తులాభారం ముగించుకుని, ఎండ ఎక్కకముందే ఇంటికొచ్చి, బరువు తగ్గాలని కూతురు లయ కాచిపెట్టే ఓట్స్ జావ ముక్కు మూసుకుని తాగాలన్నది కాంచన పథకం. మోకాళ్ల నొప్పి తగ్గితే తన ఎత్తు బెల్లం ఇస్తానని మొక్కుకుంది. సౌకార్‌పేటలో మొగుడు లక్ష్మీపతికి బెల్లం మండీ ఉండగా మొక్కుకు లోటేముంది? తక్కెడలో ఒకవైపు కాంచన, రెండోవైపు మండీ ముద్ర ఉన్న పది కిలోల దిమ్మలు ఎనిమిది. ముల్లు నడుమ నిలిచింది.

లయ ఫోన్‌లో వీడియో తీసింది. "మీ ఒళ్లు ఎట్టుంటే అట్టే ప్రేమించుకోండి అని రాసి పెడతా మా. ఇట్టాంటివి సూపర్‌గా షేర్ అవతాయి" అంది.

ఆ మాట రాసిన చేత్తోనే, అమ్మ అందంగా కనబడాలని వీడియోలో నడుం కాస్త నొక్కింది, బుగ్గలు కాస్త చెక్కింది. బెల్లం జోలికి మాత్రం పోలేదు.

మధ్యాహ్నానికల్లా వీడియో ఊరు చుట్టేసింది. రాసిన నీతి ఎవరికీ పట్టలేదు. "ఈ సన్నజాజికి ఎనభై కిలోల బెల్లమా? అయితే ఆ దిమ్మ పది కిలోలు ఉండదు" అని ఎవరో మహానుభావుడు లెక్క తేల్చాడు. అందరూ తలో చెయ్యి వేశారు. మాధవరంలో కొట్టున్న వెంకటాచలం, ఎన్నో ఏళ్ల ఖాతాదారు, ఫోన్ చేశాడు.

"ఏం లక్ష్మీపతన్నా, ఇన్నేండ్లూ నాకిచ్చింది ఆరు కిలోల దిమ్మలేనా? సరుకు వెనక్కి పంపిస్తా ఉండా."

తాతల నాటి నుంచి తూకంలో మాట పడని మండీ. లక్ష్మీపతి ముఖం మాడిపోయింది. "ఎంత పని చేసినావే పాపా!"

"డిలీట్ చేసేస్తా నాన్నా."

"తీసేస్తే దొంగతనం ఒప్పుకున్నట్టే" అంది కాంచన. కన్నకూతురే తనను దిద్దాల్సి వచ్చిందన్నది ఒక బాధ. మండీ పరువు అంతకంటే పెద్ద బాధ. కొంగు బిగించి వీధి దాటి ఎదురుకొట్టు వైపు నడిచింది.

"మన కాటా ఈడుంటే ఆడికెందుకే?" అన్నాడు లక్ష్మీపతి.

"మన కాటా మాట ఇప్పుడెవరు నమ్ముతారండీ?" అంటూ, పదేళ్లుగా మాటల్లేని ఎదురుకొట్టు బాలసుందరం కాటా ఎక్కింది. "నొక్కకుండా తియ్యి, పాపా."

వీధి వీధంతా చూస్తుండగా కాటా ఎనభై చూపించింది. కాంచన మండీ దిమ్మ ఒకటి తెప్పించి చంకన పెట్టుకుంది. తొంభై.

"చూసినారు కదా! నా కూతురు సన్నం చేసింది నన్ను, బెల్లాన్ని కాదు. నా ఒళ్లు దాచుకునేదానికి మా ఆయన తూకం తాకట్టు పెడతానా? అనుమానం ఉండేవాళ్లు రండి, ఇంకో దిమ్మ మోస్తా!"

ఈ వీడియోకి లయ ఒక్క ముక్క రాయలేదు, ఉన్నదున్నట్టే పెట్టేసింది. సాయంత్రానికి అంబత్తూరు ఫ్యాక్టరీల్లోని ఆడవాళ్లు కాటాలెక్కి, నవ్వుతూ తమ కిలోలు చూపించి ఫొటోలు పెడుతున్నారు. బరువు అడిగితే కస్సుమనేవాళ్లే ముందు షేర్ చేశారు. వెంకటాచలం రెండింతల సరుకుకు ఆర్డరిచ్చి, గొంతు సవరించుకుని ఫోన్ పెట్టేశాడు.

మర్నాడు లయ తెచ్చిన ఓట్స్ గిన్నెను లక్ష్మీపతి పక్కకు జరిపి, భార్య పళ్లెంలో ఇంకో రెండు ఇడ్లీలు వేశాడు.

"తినవే. ఇప్పుడు నువ్వు కిలో తగ్గినా మన దిమ్మకే చెడ్డపేరు."