ఎడమ స్పీకరూ, మా ఆవిడ బల్లా

ఇల్లు కలకాలం నిలబడాలంటే పునాది గట్టిగా ఉండాలని మేస్త్రీలు చెబుతారు. పాపం, వాళ్ల చదువు అంతవరకే. ఇంటిని నిలబెట్టేవి మనిషి ఎత్తు స్పీకర్లు. అవీ జతగా!

నవ్వకండి. లిఫ్టు పాడవడం వల్ల గుండెకు కలిగే మేలు గురించి, కస్టమర్ కేర్ సంగీతం వల్ల అబ్బే ఓర్పు గురించి ఈ కాలమ్‌లో రాసినప్పుడు కూడా మీరిలాగే నవ్వారు. తర్వాత ఒప్పుకున్నారో లేదో నాకు తెలియదు, ఉత్తరాలు రాలేదు. ఉత్తరాలు రాలేదంటే ఒప్పుకున్నట్టే అనుకుంటున్నాను.

విషయానికొస్తాను. మాది పెద్ద హాలు. ఈ గోడ నుంచి ఆ గోడకు ముప్పై అడుగులు. అమ్మ, బాబాయి, అన్నయ్య, వదిన, వాళ్లమ్మాయి, నేను, మా ఆవిడ, మొత్తం ఏడుగురం. పడుకోవడానికి తప్ప మిగతా అన్నిటికీ అందరం ఆ హాల్లోనే. టీవీ ఒక చివర ఉంటుంది. అందులో ఎవరైనా ఏదైనా అంటే మొదటి సోఫాకు సగం వినిపించేది, మధ్య సోఫాకు పావు వినిపించేది, చివరి కుర్చీలో ఉన్న అమ్మకు పెదాలు కదలడం కనిపించేది.

"ఏమన్నాడే?" అని అమ్మ అడిగేది.

"ఏదో అన్నాడత్తయ్యా" అని వదిన చెప్పేది.

"ఆ ఏదో ఏమిటో చెప్పొచ్చుగా."

ఈలోగా టీవీలో అతను ఇంకోటి అనేవాడు. నిజం చెప్పొద్దూ, కొన్నేళ్లుగా మా కుటుంబంలో జరిగిన సంభాషణ మొత్తం ఇంతే.

ఇలాంటి కుటుంబానికి ఏం కావాలి? ఒకళ్లతో ఒకళ్లు మాట్లాడుకోవాలా? అంత పెద్ద శిక్ష ఎందుకండీ! మంచి స్పీకర్లు కావాలి.

ముందుగా కనిపెట్టింది అన్నయ్య. కళ్లద్దాల దుకాణం నడుపుతాడు. తన కళ్లతో చూసింది తప్ప దేన్నీ నమ్మని మనిషి. అలాంటివాడు ఒక ఆదివారం పొద్దున్నే హాలు మధ్యలో నిలబడి, "మనం ఇన్నాళ్లూ చప్పుడు విన్నాంరా, ధ్వని వినలేదు" అన్నాడు. ఎక్కడో చదివినట్టున్నాడు. అయినా మాకందరికీ ప్రాణం ఉసూరుమంది. ఇంత వెనకబడి బతికామా?

ఆ వారంలోనే ఇంటిల్లిపాదీ నిపుణులమైపోయాం. హై-ఎండ్ స్పీకర్లతో ఉన్న సుగుణమే అది, కొనకముందే జ్ఞానం వచ్చేస్తుంది. పొద్దున లేస్తే బాస్, ట్రెబుల్, మిడ్‌రేంజ్. అన్నయ్య రివ్యూలు పైకి చదివేవాడు. అవి రాసేవాళ్లు స్పీకర్ల గురించి రాస్తారో, వాతావరణం గురించి రాస్తారో నాకిప్పటికీ అంతుపట్టలేదు. ఒక స్పీకరు పొడిగా ఉంటుందట. ఇంకోదాంట్లో గాలి ఆడుతుందట. మూడోది కాస్త వెచ్చగా ఉంటుందని చదవగానే అమ్మ, "వెచ్చగా ఉన్నదాన్ని ఇంటికి తేవడం ఎందుకురా, డాక్టరుకి చూపించుకోమనకూడదూ" అంది.

బాబాయికి మాత్రం అన్నీ అర్థమయ్యాయి. ఆయన రైల్వే స్టేషన్‌లో అనౌన్సరుగా చేసి రిటైరయ్యాడు. ముప్పై అయిదేళ్లు మైకు ముందు కూర్చున్నవాడు కాబట్టి మా ఇంట్లో ధ్వనికి సంబంధించిన సమస్త వ్యవహారాలకీ ఆయనే పెద్ద. ఆయన హయాంలో ఏ రైలు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో ఒక్క ప్రయాణికుడికీ అర్థమయ్యేది కాదు. "అది నా తప్పు కాదురా. ఆ స్పీకర్లలో మనిషి గొంతు పలికే మిడ్‌రేంజ్ లేదు" అని ఇన్నాళ్లకు తేల్చుకున్నాడు. ఎంతమందికి రైళ్లు తప్పిపోయి ఉంటాయో, ఒక్క మిడ్‌రేంజ్ లేక!

ఇక మా ఆవిడ సంగతి. బడి పుస్తకాలు అచ్చువేసే సంస్థకు ఇంట్లో కూర్చుని ప్రూఫులు దిద్దుతుంది. హాల్లో కిటికీ పక్కన ఆమె బల్ల. రోజంతా వెలుతురు ఉండే చోటు అదొక్కటే. ప్రూఫులు కళ్లతో చదివితే చాలదట, కన్ను మోసపోతుందట. అందుకని పైకే చదువుతుంది, కామాలూ చుక్కలతో సహా. "నీరు ఆవిరవుతుంది కామా ఆవిరి మేఘమవుతుంది ఫుల్‌స్టాప్ పేరా." పద్దెనిమిదేళ్లుగా ఇదే పని కావడంతో ఆ అలవాటు మామూలు మాటల్లోకీ వచ్చేసింది. "తలుపు వేయండి కామా పిల్లి దూరుతోంది ఫుల్‌స్టాప్" అంటుంది. కొత్తలో నవ్వుకునేవాళ్లం. పోనుపోను, ఆమె పాఠం చదువుతోందో, మాతో చెబుతోందో తేల్చుకోవడం ఎందుకొచ్చిన గొడవని, రెండూ పట్టించుకోవడం మానేశాం. ఆ మధ్య పిల్లి దూరి పాలన్నీ తాగిపోయింది. పోనీ లెండి, దానికీ ఆకలేస్తుంది.

స్పీకర్ల దుకాణం నుంచి కొలతలకు ఒకాయన వచ్చాడు. చేతిలో టేపు, చెవి మీద పెన్సిలు. మా ఇంట్లో ఆయనకు టేపాయన అని పేరు పడిపోయింది. హాలు పొడుగునా టేపు పరిచాడు. మూలమూలకీ వెళ్లి చప్పట్లు కొట్టి, తల ఒంచి విన్నాడు. మర్యాదగా ఉండదేమోనని అమ్మ కూడా చప్పట్లు కొట్టింది.

తర్వాత తీర్పులు మొదలయ్యాయి. అద్దం ఉన్నవన్నీ మోగుతాయట, అన్నయ్యా వదినల పెళ్లి ఫొటో దించేశాం. గోడ గడియారం టిక్కుటిక్కుమంటుందట, వంటింట్లోకి పంపేశాం. అప్పట్నుంచి ఆఫీసుకు ఆలస్యంగా వెళ్లే స్వేచ్ఛ నాకు దక్కింది. పుస్తకాల అలమర మాత్రం కదపొద్దన్నాడు. మా ఇంట్లో పుస్తకాలకు అంత గౌరవం జరగడం అదే మొదలని పొంగిపోయాను. చదవడానికి కాదట, ప్రతిధ్వనిని మింగడానికట.

చివరికి అసలు సంగతి చెప్పాడు. కుడి స్పీకరు తలుపు పక్కన, ఎడమ స్పీకరు కిటికీ పక్కన. అంగుళం అటూ ఇటూ కావడానికి వీల్లేదు.

"అక్కడ మా తోడికోడలి బల్ల ఉందండీ" అంది వదిన.

"తీసెయ్యాలమ్మా. లేకపోతే సౌండ్ స్టేజ్, అంటే ధ్వని రెండు పక్కలా పరుచుకునే తీరు, కుంటుతుంది."

మా మొహాలు వాడిపోయాయి. బల్ల పోతుందని కాదు, స్టేజ్ కుంటితే ఎలాగా అని. మా ఆవిడ కాగితాల మీంచి తలెత్తి ఏదో అంది. చివర్లో ప్రశ్నార్థకం అన్న మాట మాత్రం మాకు వినిపించింది కాబట్టి, పాఠం చివర ఇచ్చే ప్రశ్నలు చదువుతోందనుకున్నాం. రెండు రోజుల తర్వాత మళ్లీ ఏదో అంది. అప్పుడూ చివర ప్రశ్నార్థకమే. ఈ పుస్తకంలో ప్రశ్నలు మరీ ఎక్కువగా ఉన్నాయే అనుకున్నాను.

స్పీకర్లు ఎంచుకోవడానికి దుకాణానికి వచ్చేటప్పుడు బాగా తెలిసిన గొంతు ఒకటి రికార్డు చేసుకుని తెమ్మన్నాడు టేపాయన. "పాటలు పెడితే ఏ స్పీకరైనా బాగున్నట్టే ఉంటుందండి. ఇంట్లోవాళ్ల గొంతయితే తేడా ఇట్టే పట్టేస్తారు."

మా హాల్లో రోజంతా వినిపించే గొంతు ఇంకెవరిది? అన్నయ్య ఒక మధ్యాహ్నం ఫోను పుస్తకాల మధ్య పెట్టి, పది నిమిషాల ప్రూఫు చదువు రికార్డు చేశాడు. ఆమెకు చెప్పలేదు. చెబితే గొంతులో సహజత్వం పోతుందట.

అన్నయ్య, బాబాయి, నేను వెళ్లాం. దుకాణం లోపల వేరే గది. గోడలకు మెత్తలు, ఏసీ, మూడు కుర్చీలు, ఎదురుగా నల్లగా నిగనిగలాడుతూ రెండు స్పీకర్లు. కళ్లు మూసుకున్నాం. మా ఆవిడ గొంతు మొదలైంది.

"చెవిలో మూడు భాగాలుంటాయి ఫుల్‌స్టాప్ బయటి చెవి కామా మధ్య చెవి కామా లోపలి చెవి ఫుల్‌స్టాప్."

"కామా ఎంత మెత్తగా వచ్చిందో చూశావా" అన్నాడు అన్నయ్య.

"ఫుల్‌స్టాప్ చూడరా. కింద దాకా దిగింది" అన్నాడు బాబాయి. "అదీ బాస్ అంటే."

"నా బల్ల తీసేస్తే నేనెక్కడ కూర్చుని పనిచేసుకోవాలి ప్రశ్నార్థకం."

"ఆ థ ఒత్తు విన్నావట్రా? మన టీవీలో అయితే ఒత్తన్నది ఉండేదే కాదు."

"వంటింట్లో వెలుతురు చాలదు కామా పడగ్గదిలో బల్ల పట్టదు ఫుల్‌స్టాప్ ఇప్పటికి మూడుసార్లు అడిగాను ఫుల్‌స్టాప్ ఎవరైనా వింటున్నారా ప్రశ్నార్థకం."

"వింటున్నాం, వింటున్నాం" అన్నాడు బాబాయి కళ్లు తెరవకుండానే. "కాస్త వాల్యూమ్ పెంచవయ్యా."

టేపాయన వాల్యూమ్ పెంచలేదు. ఆపేశాడు.

"ఇది పాఠమేనాండీ?" అన్నాడు.

"ఏడో తరగతి సైన్సు" అన్నాడు అన్నయ్య.

"చెవి పాఠంలో బల్ల ఎందుకొచ్చిందండీ?"

"అభ్యాసం అయ్యుంటుంది" అన్నాను నేను. విద్యారంగం గురించి నాకు కాస్త అవగాహన ఉంది.

ఆయన మా ముగ్గుర్నీ ఒకసారి చూశాడు. "నాకెందుకో ఆవిడ మిమ్మల్నే అడుగుతున్నట్టు అనిపిస్తోందండి."

చూశారా స్పీకర్ల మహిమ! మా ఇంటికి ఒక్కసారి వచ్చిన మనిషికి కూడా మా ఆవిడ మాట అర్థమైపోయేంత స్పష్టత. మరి పద్దెనిమిదేళ్లుగా అదే హాల్లో, ఆమె బల్లకు నాలుగడుగుల దూరంలో కూర్చునే నాకు ఎందుకు అర్థం కాలేదంటారా? నా దగ్గర సరైన పరికరం లేదు. అంతే. అయినా ఆ ఏసీ గదిలో నాకు చెమట పట్టింది. దాచడమెందుకు, సిగ్గేసింది. మూడుసార్లు అడిగిందట. నేను ఒక్కసారీ తల తిప్పలేదు.

సిగ్గుపడి ఏం చేశావని అడుగుతారేమో. అన్నయ్య "ఇవే ఖాయం చేయండి" అన్నాడు, నేను తలూపాను. ఇంత బాగా వినిపించేవాటిని ఎవరైనా వదులుకుంటారా? ఇంటికెళ్లగానే ఆమెతో మాట్లాడాలనుకున్నాను. వెళ్లేసరికి ఆమె చదువుకుంటోంది. పని మధ్యలో కదిలించడం సంస్కారం కాదని ఊరుకున్నాను. ఆ వారమంతా నేను చాలా సంస్కారంగా గడిపాను.

శనివారం పొద్దున స్పీకర్లు వచ్చాయి. ఇద్దరు మనుషులు మోసుకొచ్చి, బల్లను కాగితాలతో సహా పక్కకు జరిపి, కిటికీ దగ్గర ఎడమ స్పీకరు నిలబెట్టారు. దానిమీద వెలుతురు బ్రహ్మాండంగా పడింది. స్పీకరుకు వెలుతురు ఎందుకని మాత్రం అడక్కండి. టేపాయన రెండు స్పీకర్ల దగ్గర్నుంచీ టేపు సాగదీసి, రెండు కొలతలూ కలిసిన చోట, హాలు నట్టనడుమ, నేల మీద తెల్ల స్టిక్కరు ముక్కలు రెండు ఒకదానికొకటి అడ్డంగా అంటించి గుర్తు పెట్టాడు.

"ఇక్కడ ఒక్కళ్లు కూర్చోవాలండి. మిగతా చోట్ల వినపడుతుంది. వినడమంటే మాత్రం ఇక్కడే."

ఒక్కళ్లా? ఏడుగురి కోసం కొన్నాం కదండీ! ఆలోచన తనది కాబట్టి చోటు తనదేనన్నాడు అన్నయ్య. అనుభవం తనదన్నాడు బాబాయి. వినపడనిది తనకు కాబట్టి తనకే కావాలంది అమ్మ. చదువుకునే పిల్ల తనేనంది అన్నయ్య కూతురు. దీని గురించి రాయాల్సినవాణ్ణి నేను కాబట్టి నైతికంగా ఆ హక్కు నాదన్నాను. వదిన వంతులు వేసుకుందామంది, ఎవరూ వినలేదు. అరగంట సేపు ఆ హాల్లో ఎవరి గొంతు వాళ్లకు తప్ప ఇంకొకళ్లది వినపడలేదు.

మా ఆవిడ ప్రూఫుల కట్ట చేత్తో పట్టుకుని, గోడకు ఆనుకుని, అన్నీ చూస్తూ నిలబడింది. మేం ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు టేపాయన్ని అడిగింది.

"ఆ గుర్తు ఎవరి కోసమండీ?"

ప్రశ్నార్థకం అనలేదు! మేం ఆరుగురం గిరుక్కున తిరిగి చూశాం.

"ఇంట్లో బాగా వినేవాళ్లు ఎవరైతే వాళ్ల కోసమమ్మా."

"అయితే నాకోసమే. ఈ ఇంట్లో వినేదాన్ని నేనొక్కదాన్నేగా" అంది. "బావగారూ, మీరు ఆ చివర పట్టుకోండి. మామయ్యగారూ, మీరు ఈ చివర."

అన్నయ్య పట్టుకున్నాడు. బాబాయి పట్టుకున్నాడు. బల్ల నాలుగు కాళ్ల మధ్యా ఆ గుర్తు సరిగ్గా పడేలా టేపాయన కొలిచి మరీ పెట్టించాడు. వృత్తి ధర్మం తెలిసిన మనిషి. వెలుతురు చాలదని వదిన తన గదిలోంచి నిలువు దీపం తెచ్చి పక్కన పెట్టింది.

అది జరిగి పన్నెండు రోజులైంది. స్పీకర్లు ఇంకా మోగలేదు. ఆమె పనిచేసుకుంటున్నంతసేపూ వేయడానికి లేదు, ఆమెకు ఎప్పుడూ పనే. సోఫాలన్నీ ఆ బల్లవైపే తిరిగి ఉన్నాయి కాబట్టి మేమందరం బుద్ధిగా కూర్చుని వింటాం. చెవి పాఠం అయిపోయింది, జీర్ణక్రియలో ఉన్నాం. బాబాయి నోట్సు కూడా రాసుకుంటున్నాడు. అందుకే చెబుతున్నాను, మీరూ ఆలస్యం చేయకుండా ఒక జత స్పీకర్లు కొనుక్కోండి.

ఈ కాలమ్ అచ్చుకు పంపేముందు తప్పులు చూడమని ఇవాళ ఆ బల్ల మీదే పెట్టాను. పైకి చదవడం మొదలుపెట్టింది. అన్నయ్య నవ్వాడు, బాబాయి మిడ్‌రేంజ్ దగ్గర అలిగాడు. సిగ్గేసిందని నేను రాసిన చోటికి వచ్చేసరికి ఆమె ఆగిపోయింది. పెన్ను కింద పెట్టింది.

"ఊరందరికీ చెప్పుకున్నారు కామా నాకు చెప్పలేదు" అంది.

ఫుల్‌స్టాప్ అనలేదు. నావైపు చూస్తూ అలాగే కూర్చుంది. నేను సోఫాలోంచి లేచి ఆ బల్ల దగ్గరికి వెళ్లి చెప్పాను. ఏం చెప్పానన్నది మాత్రం మీకు అనవసరం.