పిచ్చుకకు అదనపు ముక్కు

పాలమూరు నేల మీద భద్రత రెండుసార్లు పుట్టింది. మొదటిసారి గద్వాలలో కోటగోడ లేచినప్పుడు. రెండోసారి వనపర్తిలో 'నేత నమూనాల సురక్షిత స్వీకరణ సంచాలకత్వం' తన సర్వరుకు, ఫైళ్లు లోపలికి రావడానికి, ఇరవై రెండో నంబరు ద్వారం తెరిచినప్పుడు. గోడ శత్రువుల కోసం, ద్వారం దరఖాస్తుదారుల కోసం. (రెండింటిలో ఏది దాటడం కష్టమో తేల్చడానికి ఒక ఉపసంఘం వేశారు. దాని నివేదిక కూడా ఆ ద్వారం దగ్గరే ఆగిపోయిందని వినికిడి.)

గద్వాల నేతగాడు జంగయ్య ఇంటి కోడలు సుహాసినికి ఈ సంగతి దసరా ముందు తెలిసివచ్చింది. జంగయ్య నేసే చీర అంచున జొన్నకంకి ఉంటుంది, కంకి మీద పిచ్చుక ఉంటుంది. అది ఆయన తండ్రి ఊహ, ఇంకో మగ్గం మీద కనబడదు. ఈ మధ్య పవర్లూమ్ పెట్టిన రంజిత్ అనే ఆసామి ఆ పిచ్చుక మీద కన్నేశాడు. అంచు ఎవరి పేరున నమోదైతే వాళ్లది అసలు, మిగతావాళ్లది నకలు. నమోదుకు గడువు శుక్రవారం సాయంత్రం ఐదు గంటలు. పిచ్చుక ఎవరి ఇంట ఉండాలన్నది ఇక సుహాసిని లాప్‌టాప్ తేల్చాలి.

"పెన్ డ్రైవ్‌ల వేసుకొని నేనే వస్త సార్, వనపర్తి ఎంత దూరం" అని ఫోన్లో అడిగింది.

"బస్సుల ఎవడన్న చూస్తే?" అన్నాడు సురక్షిత బదిలీల పర్యవేక్షకుడు గిరిధర్. "అట్ల కుదరదమ్మా. ఫైళ్లు పంపే ఎఫ్‌టీపీ సాఫ్ట్‌వేర్‌ల నుంచే రావాలె, అది గూడ భద్రమైన కనెక్షన్ తోటి. రూలు పదిహేడు."

రూలు పదిహేడు ప్రకారం యూజర్ పేరు మామూలు పోస్టులో వచ్చింది. పాస్‌వర్డ్ రెండు ముక్కలై రిజిస్టర్ పోస్టులో బయల్దేరింది. మొదటి సగం గద్వాల చేరింది. రెండూ ఒకే దొంగ చేతిలో పడకూడదన్న ముందుచూపుతో రెండో సగాన్ని అమ్రాబాద్ పోస్టాఫీసుకు పంపారు. సుహాసిని అంత దూరం పోయి, తాను సుహాసినేనని నిరూపించుకుని, నాలుగు అక్షరాలు తెచ్చుకుంది. ఒకదాని మీద పోస్టు ముద్ర పడి కనబడలేదు. (మూడు తప్పులకు సర్వరు ఒక రోజు అలుగుతుంది. సుహాసిని దాన్ని రెండు రోజులు అలిగించింది.)

తర్వాత తాళంచెవుల వంతు. అక్షరాల వరుసలే తాళంచెవులుగా సాఫ్ట్‌వేర్ రెండింటిని పుట్టించింది. ఒకటి లోకానికంతా చూపించేది, ఇంకొకటి కన్నతల్లికి కూడా చూపించకూడనిది.

"ఆ రెండోదాన్ని మూడు జిరాక్సులు తీసి, గెజిటెడ్ సంతకం పెట్టించి పంపు" అన్నాడు గిరిధర్.

"సార్, దాన్ని ఎవ్వరికి చూపియ్యొద్దని సాఫ్ట్‌వేరే చెప్తుంది."

"మాకు చూపియ్యకపోతే, ఎవ్వరికి చూపియ్యలేదని మాకెట్ల తెలుస్తదమ్మా?"

సుహాసిని గెజిటెడ్ సంతకం కోసం పశువుల దవాఖాన డాక్టరు దగ్గరికి పోయింది. ఆయన తాళంచెవి జిరాక్సును అటూ ఇటూ తిప్పి చూసి, రోగమేమీ లేదని నిర్ధారించుకుని సంతకం పెట్టాడు.

ఇక పంపాల్సిన బొమ్మ. జంగయ్య అంచునంతా గళ్ల కాగితం మీద గీసి ఇచ్చాడు. కంకి ఉంది, గింజలు ఉన్నాయి, పిచ్చుక ఉంది. పిచ్చుకకు ముక్కు లేదు. ఆ ఇంట్లో కాగితం మీద ముక్కు గీయరు. అది మగ్గం మీదనే పడాలి, అన్నింటికంటే చివర.

"కాయితం మీద ముక్కు పెడితే పిచ్చుక ఎగిరిపోతదని మా నాయిన అంటుండె" అన్నాడు.

"నాలుగు గళ్లే గద మామా, నేను పెడ్త."

"వద్దు బిడ్డా."

గడువు నెత్తి మీద ఉండగా నాలుగు గళ్ల కోసం లొల్లి ఎందుకని సుహాసిని అట్లాగే స్కాన్ చేసింది.

శుక్రవారం మధ్యాహ్నం తెర మీద ఒక ప్రశ్న లేచింది: 'ఈ సర్వరు ఎవరిదో నిర్ధారణ కాలేదు. దీన్ని నమ్ముతారా?' సర్కారు ఆఫీసును నమ్ముతావా అని పుట్టి బుద్ధెరిగాక ఎవరూ అడగలేదు కాబట్టి సుహాసినికి చెయ్యి ఆడలేదు. అత్త అనంతమ్మను అడిగింది.

"నమ్మకపోతే ఏం జేస్తం. ఒత్తు" అన్నది అత్త.

తెర రెండుగా చీలింది. "ఎడమదిక్కు మన ఇల్లు మామా, కుడిదిక్కు వాళ్ల ఆఫీసు. ఇటు నుంచి అటు గుంజాలె."

"అటు నుంచి ఇటు ఏమన్న వస్తదా?"

"దానికి పర్మిషన్ లేదు."

"గది నాకెరుకే" అన్నాడు జంగయ్య. "తొవ్వల ఎవడన్న చూస్తే?"

"చూసినా సమజ్ కాదు. అంత పిచ్చిపిచ్చి అక్షరాలైతది."

"మరి దిగినంక?"

"దిగినంక ఆఫీసోళ్లు తెరుస్తరు."

జంగయ్య మగ్గం దగ్గరికి పోయి కూర్చున్నాడు.

తొంభై తొమ్మిది శాతం దగ్గర కనెక్షన్ రెండుసార్లు తెగింది. తెగినప్పుడల్లా సర్వరు మళ్లీ నమ్ముతారా అని అడిగింది, సుహాసిని మళ్లీ నమ్మింది. చావు తప్పి కన్ను లొట్టపోయినట్టు నాలుగూ యాభై ఎనిమిదికి 'బదిలీ విజయవంతం' అని పడింది. అనంతమ్మ వాడకంతా చక్కెర పంచింది. జనం వచ్చి తెర మీది పచ్చగీతను చూసి పోయారు. సుహాసినికి సంతోషం పట్టక ఏడుపొచ్చింది.

అంచు జంగయ్య పేరున నమోదైంది. ఆ వెంటనే రూలు పద్దెనిమిది మొదలైంది. దాని పేరు పారదర్శకత. అభ్యంతరాలు ఉంటే చెప్పుకోవడానికి ఆఫీసువాళ్లు బొమ్మను పెద్దగా, గళ్లు లెక్కపెట్టుకునేంత పెద్దగా అచ్చువేసి, రోడ్డు వైపు గేటుకు అంటించారు. రంజిత్ రెండో రోజే వచ్చి ఫోన్లో ఫొటో తీసుకున్నాడు. వెలుతురు చాల్లేదంటే అటెండరు లైటు వేశాడు.

"దొంగ చేతికి తాళం ఇచ్చినట్టు చేస్తిరి గద సార్" అంది సుహాసిని.

"తొవ్వల ఎవడన్న చూసిండా?" అన్నాడు గిరిధర్.

"చూడలే."

"మా బాధ్యత తొవ్వ వరకే అమ్మా."

నెల తిరిగేసరికి రంజిత్ చీరలు దిగాయి. సుహాసిని ఫిర్యాదు పెట్టింది. గిరిధర్ భూతద్దంతో గద్వాల వచ్చి రెండు చీరలూ పక్కపక్కన పరిచాడు. జంగయ్య ఒక్క చూపు చూసి, పగలబడి నవ్వాడు.

"వాని పిచ్చుకకు ముక్కు లేదు. దొంగ దొరికిండు పో."

అనంతమ్మ నవ్వింది. సుహాసిని కళ్లు తుడుచుకుని మరీ నవ్వింది. నాలుగు గళ్ల కోసం ఆయన పట్టిన పట్టు ఇప్పుడు అర్థమైంది. గిరిధర్ మాత్రం నవ్వలేదు. సురక్షిత మార్గంలో వచ్చిన ఫైలును తెరిచి గళ్లు లెక్కపెట్టాడు. రంజిత్ చీర ఫైలుతో నూటికి నూరు పాళ్లు సరిపోయింది. జంగయ్య చీరలో నాలుగు గళ్లు ఎక్కువ తేలాయి. 'అదనపు ముక్కు, అనధికారికం' అని రాసుకున్నాడు.

జంగయ్య అంచుకు నకలు నేస్తున్నందుకు జంగయ్యకు నోటీసు ఇచ్చారు. అది మామూలు పోస్టులో, అంటించని కవరులో, మర్నాడే ఇంటికి చేరింది.