ల్యాబ్ నెత్తిన జిమ్

ప్రయోగశాల నెత్తిన జిమ్ పెట్టనిదే సైన్సు బాగుపడదు! ఈ మాట బాగా ఆలోచించే అంటున్నాను. నవ్వదలచినవారు చివరిదాకా చదివి నవ్వండి.

మా ఆవిడ పరిశోధకురాలు. ఉల్లిపొర కన్నా పల్చని పొరలు దొంతరగా పేర్చినట్టుండే అయస్కాంత పదార్థాల మీద ఆమె పని. అందులో పరమాణువులు బుల్లి అయస్కాంతాలు. ఒకటి తల వంచితే పక్కది వంచుతుంది, దాన్ని చూసి ఆ పక్కది. అలా సాగే అలకు స్పిన్ తరంగం అని పేరు. ఇది చాలదన్నట్టు పరమాణువులు ఉన్నచోట ఉండకుండా వణుకుతుంటాయి. ఈ వంపూ ఆ వణుకూ ఒకదాన్నొకటి ఎలా కదిలిస్తాయన్నదే ఆమె ప్రశ్న.

"ఒకే ఇంట్లో అత్తాకోడళ్లు అనుకోండి. ఆవిడ గిన్నె ఎత్తి పడేస్తే ఈవిడ తలుపు దబాలున వేస్తుంది. కాసేపటికి ఏ చప్పుడు ఎవరిదో మధ్యలో ఉన్న మగాడికి తెలీదు. అదే కప్లింగ్," అని చెప్పింది నాకు.

ఇంత విడమరిచి చెబితే ఎందుకు అర్థం కాదు? మా అమ్మ మాతోనే ఉంటుంది!

ఇలాంటి పరిశోధనకు ఏం కావాలి? నిశ్శబ్దం అంటుంది మా ఆవిడ. అమాయకురాలు! వాళ్ల సంస్థ డైరెక్టర్ గారు సిబ్బంది ఆరోగ్యం కోరి, సరిగ్గా ఆమె మైక్రోస్కోప్ నెత్తినే జిమ్ పెట్టించారు. భోజనాలయ్యాక అకౌంట్స్ సెక్షన్ యావత్తూ ట్రెడ్‌మిల్ ఎక్కుతుంది. కింద మైక్రోస్కోప్‌లోంచి పడే లేజర్ చుక్క పొర మీద నిలవకుండా చిందులేస్తుంది. నెలల తరబడి తంటాలుపడితే చేతికొచ్చిన మంచి పొర ఒక్కటే. గాలి సోకితే అదీ పాడవుతుంది. అది పోతే మళ్లీ మొదటికే.

ఆమె వెళ్లి మొరపెట్టుకుంది.

"సార్, పైనుంచి వైబ్రేషన్స్ బాగా వస్తున్నాయి."

"మీ రీసెర్చ్ దేనిమీదమ్మా?"

"వైబ్రేషన్స్ మీదే సార్, కానీ అవి వేరు..."

"మరింకేం! మిగతావాళ్లు అది కావాలి ఇది కావాలి అని నా ప్రాణం తోడేస్తున్నారు. మీకు అడక్కుండానే సప్లై చేస్తున్నాంగా!"

ఎంత ముందుచూపు! ఈ పద్ధతి అంతటా రావాలి. దోమల మీద పరిశోధించేవారి కిటికీలకు వెంటనే తెరలు పీకించాలి. తుప్పు మీద పనిచేసేవారికి కారే కప్పు ఎప్పుడో మంజూరైంది. ఇక నిద్ర మీద పరిశోధనకు డైరెక్టర్ గారి మీటింగులే చాలు!

ఆ సాయంత్రం మా ఆవిడ ఇంటికొచ్చి గిన్నె ఎత్తి పడేసింది. గదిలో మా అమ్మ తలుపు దబాలున వేసింది. కప్లింగ్‌ను కళ్లారా చూశాను. కాసేపటికి అమ్మే బయటికొచ్చి సంగతి కనుక్కుంది.

"ఆ పెద్దమనిషిని ఓసారి ఆ మిషనెక్కి పరిగెత్తమనవే, తెలుస్తుంది," అంది కోడలితో.

పెద్దల నోటి మాట ఊరికే పోతుందా? మర్నాడే డైరెక్టర్ గారు ఫోటో కోసం ట్రెడ్‌మిల్ ఎక్కారు. ఆపే బటన్ అనుకుని స్పీడు పెంచే బటన్ నొక్కారు. ఆయన నడుం పట్టేసింది, జిమ్‌కు తాళం పడింది.

కింద లేజర్ చుక్క కదలకుండా నిలబడింది. సాయంత్రం ఫోన్ మోగింది.

"ఏమండీ, గ్రాఫులో వంపు గీతా వణుకు గీతా దగ్గరికొచ్చి, ఢీకొనకుండా ఒకదాని గుణం ఒకటి పుచ్చుకుని పక్కకు తప్పుకున్నాయి! కప్లింగ్ ఉంది!" అంది మా ఆవిడ. నాకు సగమే అర్థమైంది, కళ్లు మాత్రం పూర్తిగా తడిశాయి. అమ్మ ఫోన్ లాక్కుని, "పొర బాగానే ఉందా?" అని అడిగింది.

ఇప్పుడు చెప్పండి! జిమ్ లేకపోతే ఆయన నడుం పట్టేదా? నడుం పట్టకపోతే జిమ్ మూసేవారా?

డైరెక్టర్ గారు కూడా నాతో ఏకీభవించారు. ఈ విజయానికి పైనుంచి తామందించిన సహకారమే కారణమని సభలో చెప్పి, మరో రెండు ట్రెడ్‌మిల్స్ మంజూరు చేశారు. మా ఆవిడ తర్వాతి ప్రయోగం మొదలయ్యే రోజే వాటి ప్రారంభోత్సవం. నడుం నయమైందట, ముందు ఆయనే ఎక్కుతారట.

మా ఇంట్లో అత్తాకోడళ్లు ఆయన నడుం గురించి ఇప్పుడు ఒకటే కోరుకుంటున్నారు. అదేమిటో అచ్చు వేయించడం మర్యాద కాదు.