అస్ప్రీనియో శిఖరారోహణము

స్వస్తి! ఎండ నడినెత్తికెక్కి, గేదెలు బురదగుంటలు వీడనొల్లక, ఇటలీదేశపు ఆవెర్సా సీమయందలి వంటిండ్లనుండి టమాటా పులుసు పరిమళము దశదిశలను జయించుచున్న సెప్టెంబరు మాసపు శుభవేళ, తాటిచెట్టంత పోప్లార్ వృక్షములను పెనవేసికొని మబ్బులను గిల్లుచున్న అస్ప్రీనియో ద్రాక్షతీగల నడుమ, కోతగాండ్ర కులతిలకుడును, ఉభయజానుశూలపీడితుడును, అరువదియెనిమిదేండ్ల ప్రాయమువాడునగు సోసియో మహావీరుడు నిచ్చెనకొసన నిలిచియుండెను.

చెట్టున మిగిలినది ఒక్క గుత్తి. ఒక్క గుత్తినైనను కోయక విడిచి దిగినచో వచ్చే యేటినుండి చెట్లెక్కుట అల్లుడు రైమొందో వంతు, క్రింద గంపలు మోయుట సోసియో వంతు. ఇది ధర్మపత్ని అస్సుంత ఆ యుదయమున కాఫీ కప్పు బల్లపై ఠపీమని పెట్టి చేసిన భీషణ ప్రతిజ్ఞ.

అంతలో విధి వక్రించెను. ఆ సీమలో నిచ్చెనను ఎవని కాలికొలతకు వాడు చేయించుకొనును. మెట్ల నడుమ మోకాలు బిగించి, రెండు చేతులును విడిచి కోయవలెను గదా! గోడకానిన రెండు నిచ్చెనలలో మన వీరుడు తొందరపాటున కొంగకాళ్ల అల్లునిది యెత్తుకొని వచ్చియుండెను. సందు పెద్దదగుటచే మోకాలు నిలువక, కాలు తొడదాక దూరి యిరుకుకొనెను.

"ఏమయ్యోయ్! పైనే కాపురం పెట్టావా? ఇక్కడ పాస్తా ముద్దయిపోతోంది!" అని అస్సుంత కేకవేసెను.

"మామయ్యా, కాలు ఇరుక్కున్నట్టుంది. ఉండండి, నేనొస్తున్నా!"

సోసియో మేఘగంభీరస్వనమున గర్జించెను: "వచ్చావంటే తంతాను! నువ్వు లాగు తొడుక్కోవడం నేర్చుకోకముందే ఈ చెట్టు నాకు సలాం కొట్టిందిరా! కాలు ఇరుక్కోలేదు, నేనే పెట్టాను!"

అల్లుడు వినక, గోడవద్ద మిగిలియున్న మామ నిచ్చెననే చెట్టున కానించి పైకి లంఘించెను. నాలుగవ మెట్టుననే ఆ పొట్టి సందులో వాని మోకాలు తగులుకొనెను.

"అత్తయ్యా! మోకాలు! రావట్లేదు!"

"ఒకడు ఆకాశంలో, ఒకడు అటకెత్తున. నా ఖర్మ కాలిపోను!"

సోసియో పకపక నవ్వెను. తొడను నిచ్చెన పట్టియుంచిన ధైర్యమున, మునుపెన్నడును వంగనంతగా శూన్యములోనికి వంగి, కొడవలి ఝళిపించి, శత్రుశేషమును ఖండించెను. ఆ గుత్తితో త్రాటిపై దిగిన, అడుగు మొనదేలిన గంప నేలలో కస్సున దిగబడెను. అందులో పిట్టలు తినగా మిగిలిన మూడు కాయలుండెను. అస్సుంత ఒకటి నోట వేసికొనగా ఆమెకు ఒక కన్ను మూతపడెను.

"అబ్బ! పులుపుకి పళ్లు జివ్వుమన్నాయి. అస్ప్రీనియో కాయంటే ఇదీ!"

పిమ్మట ఆలివునూనె పోసి అల్లుని మోకాలు విడిపించిరి. మామకై రంపము గంపలో పైకెక్కెను. ఆయన తాను ఇరుకుకొన్న మెట్టును కోసి, క్రింది మెట్టుకు దిగి, దానితో పట్టు తప్పిన పై ప్రక్కకర్రను సైతము పరమానందముతో కోసి దిగివచ్చెను.

"కాయ కోశావు సరే, అల్లుడి నిచ్చెన కూడా కోసేశావేంటయ్యా?"

"మరి వచ్చే ఏడు ఎవరెక్కాలే?" అనెను సోసియో.

అస్సుంత మిగిలిన నిచ్చెనవంకను, దాని పొట్టి సందులవంకను, అల్లుని కొంగకాళ్లవంకను చూచి, పాస్తా వడ్డించుటకు లోనికి పోయెను. జనులారా వినుడు! త్రిద్రాక్షావిజేతయగు సోసియో మరియొక యేడు చెట్టెక్కు హక్కును ఇట్లు గెలిచెను.