మూల అచ్చులోని పెద్దాయన

ప్రోగ్రాము మూల అచ్చులో పెద్దాయన ఆత్మ ఉందని ఆ ఆఫీసులో అందరి నమ్మకం. దాన్ని రాసినవాడు ఆయనే. ఉద్యోగం మానేశాక ఫోనుకు కూడా దొరకలేదు కనుక పోయాడని తేల్చేశారు. ఆ ఫైలు ముట్టుకున్నవాడికి ఆ పూట సవ్యంగా గడవదని ప్రతీతి.

ఆ ఉదయం, తోటివారు ‘అడ్డదారి’ అని పిలిచే ప్రోగ్రామరుకు ఉన్నది ఒకటే పని. పశువైద్యశాల తెరమీద వైద్యుల పేర్ల చివర ‘గారు’ చేర్చి, మధ్యాహ్నం భార్యతో కలిసి అద్దె ఇల్లు చూడటానికి వెళ్ళాలి. ఇప్పటికే రెండుసార్లు ఎగ్గొట్టాడు.

“ఇవాళ కూడా రాకపోతే ఆ ఇంట్లో నేనొక్కదాన్నే దిగుతాను,” అని ఆమె ముందే చెప్పింది.

ప్రోగ్రాములో వైద్యులు, యజమానులు, జంతువులు, మందులు, ఒక్కో రకానికి ఒక్కో క్లాసు, అంటే ఆ రకం వివరాలన్నీ ఉండే కోడ్ ముక్క. ఆ క్లాసులన్నిటికీ పుట్టుకలోనే లక్షణాలు అంటించేది మూల అచ్చు. వైద్యుల క్లాసు ఎక్కడుందో వెతకడం దండగనుకుని అడ్డదారి ‘గారు’ను నేరుగా అచ్చులోనే పెట్టాడు.

కాసేపటికి మేనేజరు ఆయాసపడుతూ వచ్చింది. “తెరమీద కుక్క గారు, ఇంజెక్షన్ గారు అని పడుతోందటయ్యా.”

“నాలుగు కాళ్ళున్నవాటికి తీసేస్తే సరిపోతుందండి.”

కుక్కలు దారికొచ్చాయి. చిలుక గారు, ఇంజెక్షన్ గారు మిగిలారు.

“పెద్దాయనతో పెట్టుకున్నావు. అనుభవించు.”

“ఆత్మలు కోడ్ రాయవండి,” అని విసుక్కున్నాడు. కాళ్ళ లెక్క నమోదైనవాటన్నిటికీ ‘గారు’ తీసేయబోయి, తొందరలో షరతు తిరగేసి రాశాడు. దాంతో కుక్క, పిల్లి, చిలుక, చివరికి పరీక్షబల్ల కూడా గౌరవనీయులయ్యాయి. మనుషులకు కాళ్ళెన్నో ఎవరూ నమోదు చేయలేదు కనుక వైద్యులతో సహా అందరూ వట్టి పేర్లతో మిగిలారు.

భార్య ఫోను చేసింది. “మీరు పరిగెత్తుకు రానక్కర్లేదు. ఇంటాయనే రాలేదు. పిల్లిని ఆసుపత్రికి తీసుకెళ్తే, పిల్లికి గారు పెట్టి ఆయన్ని పేరు పెట్టి పిలిచారట. ఒకటే చిందులు. అది మీ ఆఫీసు పనే కదా అని మీ నంబరిచ్చాను.”

“ఎంత మేలు చేశావే తల్లీ,” అంటుండగానే ఇంకో ఫోను వచ్చింది. మేనేజరు వినేందుకు స్పీకరు నొక్కాడు.

“ఏమోయ్ అబ్బాయ్, వైద్యుల క్లాసులో ఒక్క వరస రాస్తే పోయేదానికి నా అచ్చెందుకు కెలికావు?”

మేనేజరు కుర్చీ వెతుక్కుని కూలబడింది. “ఇది... ఆయన గొంతే.”

అడ్డదారి అచ్చును యథాస్థితికి తెచ్చి, వైద్యుల క్లాసులో ఒక్క వరస రాశాడు. తెర కుదుటపడింది. అతను మళ్ళీ ఫోను అందుకున్నాడు. “మరి ఇల్లెప్పుడు చూడమంటారండీ?”

అచ్చులో ఏ ఆత్మా లేదు. పెద్దాయన నిక్షేపంగా బతికే ఉన్నాడు, ఇల్లు మాత్రం ఆసుపత్రి బెంచీమీద తన పక్కన కూర్చున్న చిలుక యజమానికి ఇచ్చేశాడు.