పుట్టగొడుగుకు ఊపిరాడలేదు

కిటికీ తెరుచుకోని ఆఫీసులో ఉద్యోగం దొరకడం పూర్వజన్మ సుకృతం. నవ్వకండి. ఒక పరిశోధన సంస్థలో పుట్టగొడుగుల మేడమ్‌కి జరిగింది వింటే, రేపే మీ కిటికీలకు మేకులు కొట్టించుకుంటారు.

ఆవిడ పని, తినే పుట్టగొడుగుల్ని ల్యాబులో పెంచడం. అక్కడ వాటికి జరిగే మర్యాదలు కొత్తల్లుడికైనా జరగవు. ఎండ తగలకూడదు, ఉక్క పోయకూడదు. చల్లదనానికి ఏసీ, తేమకు మంచు చిమ్మే మెషీన్, పీల్చుకోవడానికి వడగట్టిన గాలి. ఉడికించిన గడ్డిలో విత్తనం కలిపి సంచుల్లో నింపితే, లోపల తెల్లటి దారాలు అల్లుకున్నాయే గానీ ఒక్క గొడుగూ పైకి రాలేదు. గారాబం ఎక్కువైన పిల్లలు చదువుతారా?

మేడమ్‌తో పాటు టైపిస్టు బాబాయ్ కూర్చునే గది తీరు వేరు. కప్పు కారుతుంది, గోడలు చెమరుస్తాయి. కిటికీ ఎప్పుడో రంగు వేసినప్పుడు అతుక్కుపోయింది. బాబాయ్ దగ్గుకు పక్క గదిలో టీ గ్లాసులు గలగలమంటాయి.

"సార్, ఆ కిటికీ కాస్త తెరిపించండి, ఊపిరాడట్లేదు" అని ఆవిడ డైరెక్టర్‌ని అడగని నెల లేదు.

"ఊపిరాడకపోతే ఇన్నేళ్లు ఎలా పనిచేశారమ్మా?" అనేవాడాయన. శాస్త్రవేత్త కదా, ఆధారం లేనిదే నమ్మడు.

విసుగెత్తి ఒకనాడు ఆవిడ మొండికేసిన ఓ సంచిని తన బల్ల కిందకి తోసేసి, ఆ సంగతే మర్చిపోయింది. కొన్నాళ్లకు బాబాయ్ జారిపోయిన పెన్ను కోసం వంగాడు. వంగినవాడు లేవలేదు.

"అమ్మాయ్, నీ బల్ల కింద ఎవరో కాపురం పెట్టారు."

చూస్తే గుత్తులు గుత్తులుగా పుట్టగొడుగులు.

డైరెక్టర్ పరుగున వచ్చి, కోటుతో సహా నేలమీద బోర్లా పడుకుని తొంగి చూశాడు. అంతలోనే ఆయన మొహం వాడిపోయింది.

"కాడలు ఇంతలా సాగాయేంటమ్మా? గొడుగులేమో చొక్కా గుండీలంత కూడా లేవు."

"గదిలో గాలి ఆడట్లేదు సార్. మేం వదిలిన గాలే పీలుస్తున్నాయి. అందుకే మెడలు సాచుకుని వెతుక్కుంటున్నాయి."

"అయ్యో పాపం" అన్నాడాయన. కళ్లు నిజంగానే చెమర్చాయి. "నోరులేని ప్రాణులు. ముందే చెప్పొద్దూ?"

నోరున్నవాళ్లు చెప్పుకుంటే దాన్ని కంప్లయింట్ అంటారు లెండి.

సాయంత్రంలోపే వడ్రంగి వచ్చాడు. కిటికీ కిర్రుమంటూ తెరుచుకుంది. బాబాయ్ దగ్గబోయాడు, దగ్గు రాక తికమకపడ్డాడు. గాలి బాగా తగిలేచోట సంచిని పెట్టి, దానికి అడ్డం రాకుండా మేడమ్ కుర్చీని మూలకు జరిపించారు. అయినా ఆవిడకు కోపం రాలేదు. మూలదాకా వచ్చిన గాలి కూడా గాలే.

ఇప్పుడు చెప్పండి, మనిషి అడిగితే తెరుచుకునే కిటికీకి ఏం విలువుంటుంది?

మర్నాడు ఆవిడ వచ్చేసరికి గుమ్మం ముందు క్యూ కట్టి ఉంది. అందరికంటే ముందు అకౌంట్స్ అమ్మాయి.

"అక్కా, మా గదికీ ఓ సంచి ఇప్పించవా? మాకసలు కిటికీయే లేదు. గోడ కొట్టిస్తారేమో."