ముందు ఆరు, వెనుక నాలుగు

సోమవారం పొద్దున జూలూరుపాడులో యోనా వేసుకున్న పథకం చిన్నదే. చాయ్ తాగాలి, పికప్‌ ముందు వెనుకలు ఒకే ఎత్తుకు వచ్చేలా లెవెలింగ్ కిట్ వేయించాలి, మధ్యాహ్నం అన్నానికి ఇంటికి రావాలి. అతని బండి ముందు భాగం వంగి, వెనుక భాగం లేచి, ఎప్పుడూ నేల మీద ఏదో పారేసుకుని వెతుక్కుంటున్నట్టు నడుస్తుంది. కంపెనీవాళ్ళు కావాలనే అలా చేస్తారు. వెనుక బరువు పడితే బండి సమంగా వస్తుందని వాళ్ళ లెక్క. మిర్చి బస్తాలు మోసినంత కాలం ఆ లెక్క సరిపోయింది. మిర్చి నారు మోయడం మొదలుపెట్టాకే తేడా వచ్చింది. నారు ట్రేలకు బరువుండదు కాబట్టి బండి వంగే ఉంటుంది. బ్రేక్ వేసినప్పుడల్లా ట్రేలు జారి ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి.

ఏన్కూరులో నర్సరీ నడిపే ప్రమీలారాణి కిందటి ఏడు మూడుసార్లు ఓర్చుకుంది. ఈ ఏడు పిలిచి చెప్పేసింది. ఆమెది సత్తుపల్లి వైపు పుట్టిల్లు, మాట మెత్తగానే ఉంటుంది.

"నారు పెంచేది నేను, పచ్చడి చేసేది నువ్వా యోనా? గురువారం మీ ఇద్దరికీ చెరో వంద ట్రేలు ఎక్కిస్తాను. అడవి పక్క తండాకు తీసుకెళ్ళండి. ఎవరి ట్రేలు కదలకుండా దిగితే సీజనంతా కిరాయి వాళ్ళకే."

ఆ ఇద్దరిలో రెండోవాడు జయరాజ్, యోనా భార్య హెప్సిబాకు సొంత అన్న. కొత్త బండి కొని, కొన్నరోజే దాన్ని సమం చేయించుకున్నాడు. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ముందు అందరూ ఉండగా జయరాజ్ యోనా బండి చుట్టూ తిరిగి చూశాడు.

"బావా, నీ బండి ఇంకా మోకాళ్ళ ప్రార్థనలనే ఉన్నదా? ఆమెన్ ఎప్పుడంటది?"

నవ్వినవాళ్ళలో పాస్టరుగారు కూడా ఉన్నారు. సీజను కిరాయి పోతే ఒక ఏడాది నష్టం. భార్య అన్నకు పోతే ప్రతి ఆదివారం నష్టం. సోమవారం పథకానికి అదీ కారణం.

మెకానిక్ పగిడయ్య తన షెడ్డులో గోనెసంచి పరిచి కిట్లు పెట్టాడు. స్ప్రింగుల దగ్గర బిగించే దిమ్మలు, పొడుగు బోల్టులు. చూడటానికి అంతే.

"రబ్బరుది ఎండకు సాగుతది. అల్యూమినియంది చూడనీకి మంచిగుంటది. ఇనుపది ఉంటది."

"ఉంటది అంటే?"

"ఉంటదన్నా. బండి పోయినా అది ఉంటది."

యోనా ఇనుపదానికే తలూపాడు.

"ఎన్ని ఇంచులు మరి? మస్తుమంది రెండు ఏసుకుంటరు."

"మస్తుమంది సంగతి నాకెందుకు? నా బండి ఎంత తక్కువున్నదో కొలిచి జెప్త."

కంటి అంచనాతో సరుకు కొనే అలవాటు యోనాకు లేదు. ఇంటికి వచ్చి, పక్కింటి గోడకు ప్లాస్టరింగ్ చేస్తున్న కోటేష్ మేస్త్రిని పిలిచాడు. కోటేష్ దగ్గర నీళ్ళు నింపిన పారదర్శకమైన పైపు ఉంది. రెండు కొసలు ఎంత దూరంలో పట్టుకున్నా లోపలి నీళ్ళు ఒకే ఎత్తున నిలబడతాయి. జూలూరుపాడులో సగం ఇళ్ళ స్లాబులు ఆ పైపు మాట మీదే పడ్డాయి. గేటు వైపు ముఖం పెట్టి వాకిట్లో నిలబడిన బండికి కోటేష్ వెనుక ఒక కొస, ముందు ఒక కొస పెట్టి ఒక కన్ను మూసి చూశాడు.

"నాలుగు ఇంచులు."

"నాలుగా? అందరికీ రెండే అంటున్నరే!"

"నేను జెప్తలేనన్నా, నీళ్ళు జెప్తున్నయ్."

నీళ్ళ మాట కాదనడానికి యోనాకు కారణం దొరకలేదు. పగిడయ్య ఒకటికి రెండుసార్లు అడిగి, ముందు నాలుగు ఇంచుల ఇనుప దిమ్మలు బిగించాడు. బండి ఇంటికి వచ్చి వాకిట్లో నిలబడింది. యోనా నిండు చాయ్ గ్లాసు తెచ్చి బండి తొట్టిలో పెట్టాడు. చాయ్ అంచుకు సరిగ్గా సమంగా నిలిచింది. భార్యను పిలిచి చూపించాడు.

"చూసినవా హెప్సిబా? చుక్క పోలే."

"చూసిన. తాగు, చల్లారుతది."

మంగళవారం సెంటర్‌కు వెళ్ళేసరికి హోటల్ ముందు కూర్చున్నవాళ్ళు లేచి నిలబడ్డారు.

"యోనన్నా, బండి రోడ్డు జూస్తలేదు, మబ్బు జూస్తున్నది! వానెప్పుడొస్తదో అడుగు!"

దిగి చూస్తే నిజమే. ముందు భాగం గర్వంగా లేచి ఉంది. యోనా నేరుగా షెడ్డుకు పోయాడు. పగిడయ్య దూరం నుంచే చెయ్యి ఊపాడు.

"రెండు ఇంచులు ఎక్కువైందన్నా. తీసేస్తనా?"

"ఎందుకు తీస్తవ్? మా ఇంటికాడ చాయ్ గూడ కదల్లే."

"మరి ఈడ లేచింది గదా?"

"ముందు లేవలే. వెనకది దిగింది. దాన్ని రెండు లేపు."

బిగించింది తీయిస్తే తప్పు ఒప్పుకున్నట్టు, లేనిది వేయిస్తే మెరుగుపరిచినట్టు. యోనా పద్ధతి అది. వెనుక రెండు ఇంచుల దిమ్మలు పడ్డాయి. షెడ్డు ముందు బండి సమంగా నిలిచింది. ఇంటికి తెచ్చి వాకిట్లో పెడితే మళ్ళీ వంగింది. చాయ్ ఒలికింది. కోటేష్ పైపు తెచ్చి రెండు ఇంచులన్నాడు. యోనా తిరిగి షెడ్డుకు పోయి ముందు ఇంకో రెండు వేయించాడు. ఇంట్లో సమమైంది. బుధవారం పొద్దున రోడ్డు మీద మళ్ళీ మబ్బు చూసింది. సాయంత్రం పగిడయ్య వెనుక ఇంకో రెండు బిగించి, చేతులు తుడుచుకున్నాడు.

"అన్నా, ఒక్క మాట. నాది దుకాణం, నువ్వు కొంటనే ఉంటవ్, నాకు మంచిదే. గానీ ఇట్లనే పోతే దసరా వరకు నీ బండి కింద మనుషులు నడుస్తరు."

ముందు ఆరు ఇంచులు, వెనుక నాలుగు. గురువారం తెల్లవారింది. రాత్రి వాన పడి వెలిసింది. వాకిట్లో బండి మళ్ళీ గేటు వైపు వంగి ఉంది. యోనా ఫోను చెవికి పెట్టాడు.

"కోటేష్, మళ్ళ రెండు దిగిందిరా. పైపు పట్టుకొని జల్దీ రా."

అదే సమయంలో హెప్సిబా బట్టలు ఉతికిన నీళ్ళ బకెట్ వాకిట్లో కుమ్మరించింది. నీళ్ళు బండి కిందుగా గేటు దాటి మోరీలో పడ్డాయి.

"ఏందయ్యా, నీళ్ళు ఎటు పోయినయ్?"

"మోరీలకు."

"ఎందుకు పోయినయ్?"

"వాలు ఉన్నది గదా. వాన నీళ్ళు నిలవొద్దని మా నాయన గచ్చు వాలుగ..."

మాట అక్కడే ఆగింది. హెప్సిబా బకెట్ బోర్లించి పెట్టింది.

"మూడు దినాల సంది బండిని సాపు చేస్తలేవయ్యా. వాకిలిని చేస్తున్నవ్."

ఫోన్లో కోటేష్ ఇంకా ఉన్నాడు.

"అన్నా, నువ్వు బండి చూడమన్నవ్, చూసిన. వాకిలి గురించి అడిగితే గది గూడ చెప్పేటోణ్ణి."

పగిడయ్యకు ఫోను చేస్తే అతను నేలకొండపల్లిలో పెళ్ళిలో ఉన్నాడు. వెనుక నుంచి బ్యాండు వినబడింది. దిమ్మలు తీసేవాడు లేడు, గంటలో నర్సరీలో ఉండాలి. యోనా స్టీరింగ్ ముందు కూర్చుని మిగిలింది ఏమిటో చూసుకున్నాడు. ఆఖరి పని షెడ్డులో జరిగింది కాబట్టి రోడ్డు మీద బండి సమంగానే ఉంటుంది. ఎత్తు మాత్రం ఎక్కువ. ఎత్తుకు ప్రమీలారాణి షరతు ఏమీ పెట్టలేదు. బయలుదేరాడు.

ఏన్కూరులో జయరాజ్ తన బండికి ఆనుకుని ఎదురు చూస్తున్నాడు.

"ప్రార్థన అయిపోయిందా బావా? ఇగ ఆరోహణమేనా?"

ప్రమీలారాణి తల పైకెత్తి చూసింది. "ఇది పికప్పా, మిర్చి తోటలో మంచెనా?" అని, జయరాజ్ బండిలో ముందు సీట్లో కూర్చుంది. ఎవరి పక్కన కూర్చుందో చూశాక యోనాకు ఫలితం సగం అర్థమైంది.

తారు రోడ్డు అడవి అంచున ఆగిపోతుంది. అవతల తండా దాకా మట్టి బాటే. అటవీ శాఖ అనుమతి రాక అక్కడ తారు పడలేదు. నాట్ల రోజులు కావడంతో ట్రాక్టర్లు తిరిగి తిరిగి రెండు చక్రాల దారులు మోకాలి లోతు దిగాయి. వాటి మధ్య మట్టి కట్టలా లేచింది. జయరాజ్ తక్కువ లోతున్న బాట చూసుకుని ముందు వెళ్ళాడు. అర కిలోమీటరు పోయాక అతని బండి పొట్ట ఆ మట్టికట్ట మీద కూర్చుంది. వెనుక చక్రాలు బురద తవ్వుతున్నాయి గానీ బండి అంగుళం కదలలేదు. గట్టిగా తొక్కితే తొట్టి ఊగిపోయి లోపల ట్రేలు గలగలలాడాయి.

"ఆపు నాయనా, ఆపు! నారు పోతోంది!" ప్రమీలారాణి చీర కుచ్చెళ్ళు పట్టుకుని బురదలోకి దిగింది.

పక్కన ఇంకా లోతైన బాట ఉంది. ట్రాక్టర్లు తప్ప ఎవరూ పోనిది. యోనా దిగి, మట్టికట్ట ఎత్తును జానతో కొలిచి, వంగి తన బండి పొట్ట కింద జాన పెట్టాడు. బండికి నాలుగు వేళ్ళు మిగిలాయి. ఆ వారంలో సరైన చోట తీసిన కొలత అదొక్కటే. బండి ఎక్కి, మొదటి గేరులో, బ్రేకు ముట్టకుండా లోతు బాటలోకి దింపాడు. మట్టికట్ట కింద నుంచి బండిని ఎక్కడా తాకకుండా వెనక్కి పోయింది. జయరాజ్ బండిని దాటి, గట్టి నేల మీదికి ఎక్కి, ఆగి, అద్దంలోంచి వెనక్కి చూశాడు.

"బావా, తాడున్నదా? లేకుంటే నాకాడున్నది."

జయరాజ్ బురదలోకి దిగాడు. తాడు తెచ్చి తనే కట్టాడు. యోనా బండి ఒక్క లాగుడుకు కొత్త బండిని మట్టికట్ట మీద నుంచి దింపింది. ప్రమీలారాణి రెండు తొట్లూ చూసింది. యోనా ట్రేలు ఎక్కించినట్టే వరసలో ఉన్నాయి. జయరాజ్ ట్రేలలో సగం మొక్కలు పక్క ట్రేల మీద పడుకున్నాయి.

"మిగిలిన మంచి ట్రేలు కూడా యోనా బండిలోకి మార్చండి" అని, ఆమె యోనా పక్క సీటు వైపు నడిచింది.

తండాలో రైతులు ట్రేలు దించుకుంటూ ఒక్కో వరసా తడిమి చూశారు. ఒక్క మొక్క విరగలేదు. తిరిగి వచ్చేటప్పుడు అడవి అంచున, అందరూ నీళ్ళు తాగడానికి ఆగినచోట, జయరాజ్ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"బావా, ఏ కిట్టు ఏసినవో జెప్పు. నేను గూడ ఏయిస్త."

"ఇనుపది. ముందు ఆరు, వెనక నాలుగు."

"గంత లెక్క ఎవలు జెప్పిండ్రు నీకు?"

యోనా నీళ్ళ సీసా మూత బిగించాడు. "ఒక్కరు జెప్తే వచ్చేది కాదు బావా. మూడు దినాలు పట్టింది."

శుక్రవారం ప్రమీలారాణి సీజను ఒప్పందం కాగితం తయారు చేసి పిలిచింది. యోనా ప్రతి అక్షరం చదివే మనిషి. ఆ రోజు మాత్రం ఆనందంలో ఆఖరి షరతు చదవకుండా సంతకం పెట్టాడు. నారు ఎక్కించే ఆడవాళ్ళకు నిచ్చెన బండి యజమానే తెచ్చుకోవాలని అందులో రాసి ఉంది.